తలరాత చదివిన డాక్టరు

రోబోటిక్ చెయ్యి మన పిల్లలకు ఇప్పుడు కొత్త సంగతి కాదు. అట్టముక్కలు, సిరంజీలు, దారాలతో చేసిందైనా, మోటార్లు బిగించి చేసిందైనా, సైన్స్ ఫెయిర్‌లో ఒక్కటైనా ఉండి తీరుతుంది. పై తరగతుల పిల్లలు ఇంకో మెట్టెక్కి అడుగుతున్నారు: రిమోట్ లేకుండా, చేత్తో ముట్టుకోకుండా, మనసులో అనుకుంటే ఆ చెయ్యి కదులుతుందా అని. కదులుతుంది. ప్రయోగశాలల్లో కదిలించి చూపించారు కూడా. ఎలా అని పిల్లలు అడిగితే జవాబు వందేళ్ల వెనక్కి వెళుతుంది, జర్మనీలో ఒక పిచ్చాసుపత్రికి.

మనిషి మెదడులో పుట్టే విద్యుత్తును పుర్రె పైనుంచే పట్టుకుని కాగితం మీద గీతగా దించిన మొదటి మనిషి హాన్స్ బెర్గర్. ఇవాళ ఏ న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినా వినబడే ఈఈజీ పరీక్ష ఆయనదే. తలరాత అని మనం వేరే అర్థంలో వాడతాం గానీ, ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే దాన్ని మొదట చదివింది ఈయనే.

ముందే ఒక మాట. ఈ జీవితం మొదటి సగం ఏ వయసు పిల్లలకైనా కథలా చెప్పొచ్చు. చివరి భాగం అలాంటిది కాదు. మీరు ఒకసారి చదువుకుని, మీ అమ్మాయికో అబ్బాయికో ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి.

బెర్గర్ 1873 మే 21న కోబుర్గ్ పట్టణం పక్కనున్న నోయ్‌జెస్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి డాక్టరు. తల్లి ఆనా, ఫ్రీడ్రిష్ రూకర్ట్ అనే పెద్ద కవి కూతురు. ఈ రూకర్ట్ మనకు పరాయివాడేమీ కాదు. సంస్కృతం నేర్చుకుని నలదమయంతుల కథను 1828లో జర్మన్ పద్యాల్లోకి దించినవాడు. మన శ్రీనాథుడు నైషధంగా చెప్పిన కథే. జయదేవుడి గీతగోవిందాన్నీ అనువదించాడు. మనవడు పుట్టకముందే, 1866లో, అదే నోయ్‌జెస్‌లో కన్నుమూశాడు. అలా ఒకవైపు వైద్యం, ఇంకోవైపు కవిత్వం ఉన్న ఇంట్లో పిల్లవాడు పెరిగాడు.

పిల్లవాడికి మాత్రం ఆ రెండూ పట్టలేదు. నక్షత్రాలు కావాలన్నాడు. స్కూలు చదువు 1892లో ముగించి, గణితం, ఖగోళశాస్త్రం చదవడానికి బెర్లిన్ వెళ్లాడు. మన లెక్కలో చెప్పాలంటే ఎంపీసీ తీసుకున్న కుర్రాడు. కానీ ఒక్క సెమిస్టర్‌తోనే ఆ చదువు ఆగిపోయింది. ఏడాది పాటు సైన్యంలో పనిచేసి వద్దామని చేరాడు.

అక్కడ, వుర్ట్స్‌బుర్గ్ దగ్గర కసరత్తు జరుగుతుండగా ఒక ఉదయం ఆయన గుర్రం ముందుకాళ్లు ఎత్తి లేచింది. కుర్రాడు జారి కింద పడ్డాడు. పడింది సరిగ్గా ఫిరంగిని లాక్కొస్తున్న గుర్రాల దారిలో. ఆఖరి క్షణంలో ఆ బండి ఆగింది. ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, చావు అంత దగ్గరగా వచ్చి వెళ్లేసరికి మనిషి వణికిపోయాడు. ఆ సాయంత్రం ఇంటి నుంచి టెలిగ్రామ్ వచ్చింది. అబ్బాయి క్షేమమేనా అని తండ్రి అడుగుతున్నారు. అంతకుముందెప్పుడూ ఆయనకు ఇంటి నుంచి టెలిగ్రామ్ రాలేదు. సంగతేమిటంటే, తమ్ముడికి ఏదో ప్రమాదం జరిగిందని అక్కకు ఆ రోజు గట్టిగా అనిపించిందట. ఆమె పట్టుబట్టి తండ్రి చేత టెలిగ్రామ్ ఇప్పించింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? హాస్టల్లో పిల్లలను ఉంచిన తల్లికి మనసు కీడు శంకించడం అరుదు కాదు. ఫోన్ చేస్తాం, పిల్లవాడు అన్నం తింటూ ఉంటాడు, మనం ఆ సంగతి మరిచిపోతాం. నూరుసార్లలో ఒక్కసారి నిజమైతే అదే జీవితాంతం గుర్తుంటుంది. ఇది నా అభిప్రాయం. బెర్గర్ అలా అనుకోలేదు. ప్రాణభయంలో ఉన్న తన మెదడు నుంచి ఏదో శక్తి బయలుదేరి కోబుర్గ్‌లోని అక్కను చేరిందని నమ్మారు. చనిపోయే ముందు ఏడాది, 1940లో, ఒక చిన్న పుస్తకంలో ఆ సంఘటన రాసి పెట్టారు కూడా. అంటే యాభై ఏళ్లకు దగ్గరగా అది ఆయనను వదల్లేదు.

నక్షత్రాలు పక్కకు జరిగాయి. బెర్గర్ మెడిసిన్‌లో చేరారు. 1897లో డాక్టరు పట్టా అందుకుని, యేనా విశ్వవిద్యాలయం మానసిక వైద్యశాలలో ఓట్టో బిన్స్‌వాంగర్ అనే ప్రొఫెసర్ దగ్గర కుదురుకున్నారు. యేనా చిన్న ఊరే. కానీ కొన్ని ఫోన్ల కెమెరాల మీద ఇవాళ కనిపించే జైస్ పేరు ఆ ఊరిదే. కార్ల్ జైస్ తన వర్క్‌షాపు పెట్టింది అక్కడే. ఆ ఊళ్లో, ఆ ఒక్క ఆసుపత్రిలో, బెర్గర్ నలభై ఏళ్లకు పైగా ఉండిపోయారు. యుద్ధకాలంలో సైన్యానికి మానసిక వైద్యుడిగా పడమటి సరిహద్దుకు వెళ్లడం తప్ప ఎక్కడికీ కదల్లేదు.

ఆయన పెట్టుకున్న లెక్క చూడటానికి సులువైనది. మెదడుకు రక్తం ఆహారాన్ని అందిస్తుంది. ఆ ఆహారం నుంచి శక్తి పుడుతుంది. అందులో కొంత వేడిగా పోతుంది, కొంత విద్యుత్తుగా పోతుంది. వచ్చింది ఎంతో, ఈ రెండు పద్దుల కింద ఖర్చయింది ఎంతో కొలిస్తే, మిగిలింది మనసు శక్తి. ఇంటి ఖర్చుల పుస్తకంలో లెక్క తేలని మొత్తాన్ని పట్టుకున్నట్టు మనసును పట్టుకోవాలని ఆయన ఆలోచన. అందుకే ముందు రక్తం కొలిచారు. దెబ్బల వల్లో ఆపరేషన్ల వల్లో పుర్రెలో ఎముక లేని చోటు ఉన్న రోగులను వెతికి, ఆ చోట మెదడు ఎలా ఉబ్బుతోందో, తగ్గుతోందో చూశారు. తర్వాత మెదడు వేడిని థర్మామీటర్లతో కొలిచి 1910లో పుస్తకం వేశారు. మనసు శక్తి మాత్రం ఎక్కడా తేలలేదు.

విద్యుత్తు మిగిలింది. జంతువుల మెదడులో విద్యుత్ ప్రవాహాలుంటాయని ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ డాక్టరు రిచర్డ్ కేటన్ 1875లోనే చూపించారు, కుందేళ్ల మీద, కోతుల మీద. బెర్గర్ 1902లో కుక్కల మీద ప్రయత్నించారు. సరైన ఫలితం రాలేదు. 1907లో మళ్లీ, 1910లో మళ్లీ. రాలేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయనకు విద్యుత్ పరికరాల్లో పెద్ద ప్రవేశం లేదు. వైద్యుడు, అంతే. ఎంపీసీ వదిలేసి వచ్చిన కుర్రాడికి ఆ లోటు జీవితాంతం ఉండిపోయింది.

1911లో పెళ్లయింది. భార్య ఉర్సులా ఫాన్ బ్యూలో, ఆయన ప్రయోగాల్లో సహాయకురాలిగా పనిచేసిన ఆవిడే. నలుగురు పిల్లలు, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు. 1919లో బిన్స్‌వాంగర్ తర్వాత ఆసుపత్రికి డైరెక్టర్ అయ్యారు. తర్వాత విశ్వవిద్యాలయానికి ఒక ఏడాది రెక్టర్‌గా కూడా ఉన్నారు. బయటివాళ్లకు కనిపించిన బెర్గర్ ఈయనే: నియమం తప్పని మనిషి, వార్డులో అడుగుపెట్టే వేళను బట్టి గడియారం సరిచేసుకోవచ్చు, ముక్తసరిగా మాట్లాడతారు, జోకులు లేవు. సాయంత్రం పూట తలుపు వేసుకుని ఆయన ఏం చేస్తారో తోటి డాక్టర్లలో చాలామందికి తెలియదు.

ఆ తలుపు వెనక జరిగింది 1924లో ఒక కొలిక్కి వచ్చింది. మెదడులో గడ్డ ఉందేమోనని సర్జన్ నికోలాయ్ గులేకె ఒక పదిహేడేళ్ల కుర్రాడికి ఆపరేషన్ చేశారు. అందులో పుర్రె ఎముక కొంత తీసేయాల్సి వచ్చింది. ఆ చోట చర్మానికి, మెదడుకు మధ్య ఎముక అడ్డం లేదు. జూలై 6న బెర్గర్ అక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టి, వాటిని గాల్వనోమీటర్‌కు కలిపారు. అందులోని సన్నటి తీగ సన్నగా వణికింది.

ఆ వణుకు ఎంత చిన్నదో పిల్లలకు ఇలా చెప్పొచ్చు. గోడగడియారంలో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. తల మీద దొరికే మెదడు సంకేతం సుమారు యాభై మైక్రోవోల్టులు. అంటే ఆ బ్యాటరీలో ముప్ఫై వేల వంతు. ఇప్పటిలా యాంప్లిఫయర్లు చేతికందని రోజుల్లో, గుండె కోసం తయారైన పరికరంతో ఆయన దాన్ని పట్టుకున్నారు. గుండె విద్యుత్తును కాగితం మీదికి దించినందుకు విలెమ్ ఐంథోవెన్‌కు నోబెల్ వచ్చింది కూడా ఆ 1924లోనే. ఈసీజీ పేరును చూసే బెర్గర్ తన గీతకు పేరు పెట్టుకున్నారు.

ఇంకొకరైతే ఆ నెలలోనే పేపర్ పంపేవారు. ఆయన ఐదేళ్లు ఆగారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. ఆ గీత నిజంగా మెదడుదేనా అని ఆయనకు అనుమానం. గుండె కొట్టుకునే విద్యుత్తు తల దాకా వస్తోందేమో. మెదడులో రక్తం పొంగడం వల్ల ఎలక్ట్రోడ్ కదులుతోందేమో. నుదుటి కండరాలదేమో, చర్మానిదేమో. ఒక్కొక్క అనుమానానికి ఒక్కొక్క పరీక్ష పెట్టుకున్నారు. గుండె గీతను, మెదడు గీతను ఒకే కాగితం మీద పక్కపక్కనే తీసి, రెండూ ఒకటి కాదని చూసుకున్నారు. సీమెన్స్ కంపెనీ మెరుగైన గాల్వనోమీటర్ చేతికొచ్చాక ఎముక చెక్కుచెదరని తలల మీద కూడా గీత కనబడసాగింది.

ఆ తలల్లో ఎక్కువసార్లు వాడింది సొంత కొడుకుది. క్లౌస్‌కు అప్పుడు పదిహేను నుంచి పదిహేడేళ్లు. ఆ రెండేళ్లలో వాడి మీద డెబ్బైకి పైగా రికార్డింగులు తీశారు. తొలిరోజుల్లో ఎలక్ట్రోడ్లంటే అతికించే బిళ్లలు కావు, చర్మం కిందికి గుచ్చే సూదులు కూడా ఉండేవి. పదో తరగతి వయసు పిల్లవాణ్ణి చీకటిగదిలో కళ్లు మూసుకుని కదలకుండా పడుకోమనడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పక్కర్లేదు. రోగుల సంగతి చెప్పేదేముంది. ఈనాడు మనం రోగి అనుమతి అంటే అర్థం చేసుకునేది ఆనాడు లేదు.

ఆ గీతల్లో ఆయనకు రెండు రకాల అలలు కనిపించాయి. సెకనుకు సుమారు పదిసార్లు లేచిపడే పెద్ద అలలకు ఆల్ఫా అని, వాటికంటే వేగంగా, చిన్నగా ఉండేవాటికి బీటా అని పేర్లు పెట్టారు. ఆల్ఫాలో ఒక విచిత్రం ఉంది. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే అది నిండుగా వస్తుంది. కళ్లు తెరవగానే అణిగిపోతుంది. కళ్లు మూసుకునే ఉన్నా, దేనిమీదైనా గట్టిగా మనసు పెట్టినా తగ్గుతుంది. కూతురు ఇల్జె చేత మనసులో లెక్కలు చేయిస్తూ కూడా గీత తీశారు. ఆ అమ్మాయి ఏదో పనిలో ఉందని గీత చెప్పగలిగింది. ఏ లెక్క చేస్తోందో చెప్పలేకపోయింది.

ఇక్కడ ఒక పక్కమాట. పిల్లల మెదడులో ఆల్ఫా అలలు పెంచి జ్ఞాపకశక్తి రెట్టింపు చేస్తామని, కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకం చదివిస్తామని చెప్పే కోర్సుల పాంప్లెట్లు మనందరి చేతికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. ఫీజు వేలల్లో ఉంటుంది. ఆల్ఫాకు పేరు పెట్టిన మనిషి చూసినది దీనికి దాదాపు తలకిందులు. పిల్లవాడు పుస్తకం తెరిచి లెక్క మీద మనసు పెట్టినప్పుడు ఆల్ఫా తగ్గుతుంది. ఏమీ చేయకుండా కళ్లు మూసుకున్నప్పుడు పెరుగుతుంది. డబ్బు కట్టేముందు ఈ ఒక్క సంగతి గురించి ఆ కోర్సువాళ్లను అడగండి.

1929లో బెర్గర్ మనిషి ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రామ్ గురించి మొదటి పేపర్ వేశారు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. నాడుల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు ఆయన తమవాడు కాదు, మానసిక వైద్యుడు. వాళ్లకు తెలిసిన నాడీ సంకేతం టపటపమని కొట్టే చిన్న చిన్న దెబ్బల వరస. ఇంత నెమ్మదిగా, ఇంత నున్నగా ఊగే అల మెదడుది ఎలా అవుతుంది, పరికరంలోనే ఏదో లోపం ఉంటుంది అనుకున్నారు. ఆయన మాత్రం పేపర్ తర్వాత పేపర్ వేస్తూ పోయారు. అన్నీ దాదాపు ఒకే శీర్షికతో, 1938 దాకా మొత్తం పద్నాలుగు.

మలుపు కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. నాడీకణాల మీద పనికి 1932లో నోబెల్ పంచుకున్న ఎడ్గర్ ఏడ్రియన్ ఈ అలలను నమ్మలేదు. తప్పని తేల్చేద్దామనే ధోరణిలోనే బ్రయాన్ మాథ్యూస్‌తో కలిసి తామే చేసి చూశారు. ఏడ్రియన్ తల మీదే ఎలక్ట్రోడ్లు పెట్టుకున్నారు. కళ్లు మూస్తే అల వచ్చింది, తెరిస్తే పోయింది. 1934లో ఆ విషయం ప్రచురించి, ఘనత బెర్గర్‌దేనని రాసి, దానికి బెర్గర్ లయ అని పేరు కూడా పెట్టారు. ఒక విషయంలో మాత్రం ఆయనను సరిదిద్దారు. ఆ అల మెదడంతా కలిసి పుట్టించేదని బెర్గర్ నమ్మకం. ప్రధానంగా తల వెనకభాగం నుంచి, చూపుకు సంబంధించిన చోటు నుంచి వస్తోందని ఏడ్రియన్ చూపించారు. ఏడ్రియన్ చెప్పిందే నిలిచింది. 1937లో పారిస్‌లో జరిగిన మనస్తత్వ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సభలో ఇద్దరూ ఒకే వేదిక మీద కనిపించారు. అరవై నాలుగేళ్ల వయసులో, తన ఊళ్లో పెద్దగా ఎవరికీ పట్టని పనికి అంత గౌరవం దొరకడం చూసి ఆయన కదిలిపోయారని చెబుతారు.

పిల్లలు అడిగిన చెయ్యి దగ్గరికి ఇప్పుడు వద్దాం. బెర్గర్ పుట్టిన నూరేళ్లకు, 1973లో, లాస్ ఏంజెలెస్‌లో జాక్ విదాల్ అనే శాస్త్రవేత్త మెదడు గీతను డాక్టరు చదవడంతో ఆపకుండా కంప్యూటర్‌కే అందించి పని చేయించవచ్చని ప్రతిపాదించారు. 1988లో ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యే నగరంలో స్టేవో బోజినోవ్‌స్కీ బృందం దాన్ని ఒక చిన్న రోబో మీద చూపించింది. నేల మీద గీసిన గీత వెంట రోబో వెళుతుంది. మనిషి కళ్లు మూసుకుంటే ఆల్ఫా పెరిగి రోబో కదులుతుంది, తెరిస్తే ఆగుతుంది. బెర్గర్ కొడుకు తల మీద చూసిన విషయమే, ఇంకేమీ లేదు.

కానీ చేతికి ఆగు, నడువు అంటే చాలదు. ఎటు, ఎంత, పట్టుకో, వదులు అన్నీ కావాలి. ఇక్కడ పనికొచ్చింది ఆల్ఫాకు చెల్లెలి వరసైన ఇంకో లయ. కుడిచెయ్యి కదిపినప్పుడు మెదడులో ఎడమవైపు, చెయ్యిని నడిపే చోట ఆ లయ అణుగుతుంది. చెయ్యి కదపకుండా, కదుపుతున్నట్టు ఊహించుకున్నా అణుగుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. ఎడమచెయ్యి ఊహిస్తే ఎడమకు, కుడిచెయ్యి ఊహిస్తే కుడికి, రెండూ ఊహిస్తే పైకి, ఊహ మానేస్తే కిందికి. ఇలా సాధన చేయించి, 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బిన్ హే బృందం పదమూడుమంది చేత రోబోటిక్ చేతితో వస్తువులు పట్టించింది. సర్జరీ లేదు, తలకు ఎలక్ట్రోడ్ల టోపీ మాత్రమే. సైకిల్ నేర్చుకున్నట్టు రోజుల తరబడి నేర్చుకోవాలి, అదీ తప్పులతో.

పుర్రె లోపలికి వెళ్లేవాళ్లు ఇంకో దారిలో వచ్చారు. బిళ్లమాత్ర కంటే చిన్న చిప్, దానికి తొంభై ఆరు సన్నటి ఎలక్ట్రోడ్లు, దాన్ని మెదడు పైపొరలో నాటుతారు. పక్షవాతంతో పదిహేనేళ్లుగా కాళ్లూ చేతులూ ఆడక, మాట రాక ఉన్న ఒక మహిళ 2011లో దానితో రోబోటిక్ చేతిని నడిపి, కాఫీ సీసా నోటి దాకా తెచ్చుకుని స్ట్రాతో తాగారు. ఆరు ప్రయత్నాల్లో నాలుగుసార్లు కుదిరింది. ఈ పని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆమె కాఫీ తాగిన ఆ చెయ్యి జర్మన్ అంతరిక్ష సంస్థ తయారీ. నిజం చెప్పాలంటే ఈ దారి బెర్గర్ కంటే ఏడ్రియన్‌కు దగ్గర. ఇది అలలను కాదు, ఒక్కొక్క కణం కొట్టుకోవడాన్ని వింటుంది. ఈ రెండు దారుల్లోనూ యంత్రం మనసులోని మాట చదవదు. కదలాలన్న ప్రయత్నాన్ని పసిగడుతుంది, అంతే. అక్క దాకా వెళ్లిన ఆ శక్తిని బెర్గర్ గీతల్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇక రెండో సంగతి. చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాలు, వైద్య పత్రికలు బెర్గర్ చివరి రోజులను ఒకే విధంగా చెప్పాయి. నాజీలకు ఆయన గిట్టలేదు, 1938లో బలవంతంగా పదవి నుంచి దింపారు, ప్రయోగశాల మూయించారు, ఆ దిగులుతో ఆయన పోయారు. వినడానికి ఇది బాగుంటుంది. మంచి శాస్త్రవేత్త చెడ్డ ప్రభుత్వం చేతిలో నలిగిపోవడం మనకు అలవాటైన కథ. ఈ శతాబ్దంలో చరిత్రకారులు యేనా పాత దస్త్రాలు తీసి చదివాక అది నిలబడలేదు.

1933లో హిట్లర్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. వంశపారంపర్యమని తాము అనుకున్న జబ్బులు ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, వాళ్లు వద్దన్నా సరే. జబ్బుల జాబితాలో మానసిక వ్యాధులు, మూర్ఛ, పుట్టుగుడ్డితనం, పుట్టుచెవుడు, బుద్ధిమాంద్యం ఉన్నాయి. ఎవరికి చేయాలో తేల్చడానికి వంశారోగ్య కోర్టులని పెట్టారు. ఒక జడ్జి, ఇద్దరు డాక్టర్లు. ఆ చట్టం కింద దాదాపు నాలుగు లక్షలమందికి ఆపరేషన్లు జరిగాయి. యేనాలో అప్పీళ్లు వినే పై కోర్టులో కూర్చున్న డాక్టర్లలో బెర్గర్ ఒకరు. తమకు ఆపరేషన్ వద్దని మొరపెట్టుకున్నవాళ్ల కాగితాలు ఆయన ముందుకు వచ్చాయి. చేయాల్సిందేనన్న తీర్పుల్లో ఆయనకు భాగముంది. నాజీ పార్టీలో సభ్యత్వం తీసుకోలేదు, కానీ ఎస్.ఎస్. దళానికి చందా కట్టే పోషక సభ్యుడిగా ఉన్నారు.

అవే ఏళ్లలో, 1935లో, అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ గిబ్స్, హాలోవెల్ డేవిస్, విలియమ్ లెనాక్స్ ఆయన కనిపెట్టిన పద్ధతితోనే మూర్ఛను చూశారు. చిన్నపిల్లల్లో ఒకరకం మూర్ఛ ఉంటుంది. పడిపోవడం, కొట్టుకోవడం ఏమీ ఉండవు. పిల్లవాడు కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, మళ్లీ మామూలుగా అయిపోతాడు. రోజుకు ఎన్నోసార్లు వస్తుంది. క్లాసులో దీన్ని పరధ్యానం అనుకుని తిట్టడం ఇప్పటికీ జరుగుతుంది. ఆ క్షణంలో ఈఈజీ తీస్తే సెకనుకు మూడు చొప్పున ముల్లు, అల, ముల్లు, అల అని గీత స్పష్టంగా కనిపిస్తుందని బోస్టన్‌వాళ్లు చూపించారు. మందులతో ఇది చాలామంది పిల్లల్లో అదుపులోకి వస్తుంది. మీ పిల్లల్లో ఇలాంటిది గమనిస్తే టీచరుకు చెప్పండి, న్యూరాలజిస్టుకు చూపించండి. పరీక్షకు సూదులు లేవు. తలకు పేస్టుతో బిళ్లలు అతికిస్తారు, తలస్నానంతో పోతుంది.

ఆ గీత కనిపెట్టిన మనిషికి మూర్ఛ ఉన్న తలల్లో ఏం జరుగుతుందో తెలుసు. తన పేపర్లలోనే మూర్ఛరోగుల గీతలు ఆయన చర్చించారు. అదే మనిషి, మూర్ఛ పేరు జాబితాలో ఉన్న చట్టం కింద ఇతరుల తలరాత తేల్చే బల్ల దగ్గర కూర్చున్నారు. భయపడి చేశారా, ఒప్పుకునే చేశారా? ఆయన ఒక్కరే కాదు, ఆనాటి జర్మన్ డాక్టర్లలో చాలామంది ఆ పనిలో ఉన్నారన్నది నిజమే. కానీ 1941లో, పదవీ విరమణ అయిపోయి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని రోజుల్లో, మళ్లీ ఆ కోర్టులో కూర్చుంటారా అని అడిగితే సంతోషంగా సరేనన్న ఆయన ఉత్తరం దొరికింది. బలవంతం అన్న వాదన ఆ ఉత్తరం ముందు నిలవదు.

1938లో ఆయన దిగిపోయింది కూడా అరవై ఐదేళ్లు నిండినందుకే, ప్రొఫెసర్లందరికీ ఉండే వయసుకే. ఆ తర్వాత గుండెజబ్బు, దానితోపాటు కుంగుబాటు పట్టుకున్నాయి. కుంగిపోయిన మనసులను నలభై ఏళ్లు చూసిన డాక్టరు తానే ఆసుపత్రిలో రోగిగా చేరారు. 1941 జూన్ 1న అక్కడే తన ప్రాణం తాను తీసుకున్నారు. అరవై ఎనిమిదేళ్లు. ఆయన పెట్టిన ఆల్ఫా, బీటా అన్న పేర్లు ఇప్పటికీ ఈఈజీ రిపోర్టుల్లో అలాగే అచ్చవుతున్నాయి. ఆయన భాగమున్న తీర్పుల కాగితాలు దస్త్రాల్లో అలాగే ఉన్నాయి.